బజారులో జాగా లేదన్నారు: ఒక చిన్న పట్టణం పార్కింగ్ కేసు

పట్టణాలకు ట్రాఫిక్, పార్కింగ్ విషయాల్లో సలహా ఇవ్వడం నా వృత్తి. ఈ కేసును రాసి పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇందులో నేను చెప్పి చేయించిన రెండు మార్పులు బెడిసికొట్టాయి. వాటిలో ఒకదాని భారం సంబంధం లేని ఒక పెద్దాయన మీద పడింది. ఇలాంటి పని మొదలుపెట్టే మున్సిపల్ ఇంజనీర్లకో వ్యాపారుల సంఘాలకో ఇది పనికొస్తుందని ఆశ. పట్టణం పేరు, మనుషుల వివరాలు తీసేశాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని చిన్న సంగతులు మార్చాను.

నేపథ్యం

దాదాపు అర కిలోమీటరు పొడవున్న బజారు వీధి. రెండు వైపులా దుకాణాలు, కొన్నిటి పైన ఇళ్లు. బజారు వెనక రెండు సన్నటి వీధులున్నాయి, అక్కడ ఉన్నవన్నీ నివాసాలే. ఇంటింటికీ బండి లేని రోజుల్లో కట్టిన ఇళ్లు కాబట్టి చాలావాటికి లోపల బండి పెట్టుకునే చోటు లేదు. బజారుకు ఐదు నిమిషాల నడక దూరంలో మున్సిపాలిటీ ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఎవరైనా రోజంతా ఉచితంగా బండి పెట్టుకోవచ్చు. అయినా పెట్టేవాళ్లు తక్కువ. మొదటి రోజే ఈ సంగతి నోట్‌బుక్‌లో రాసుకున్నాను గానీ, ఎందుకు పెట్టడం లేదని ఎవరినీ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అప్పుడే అడిగి ఉంటే ఈ కేసులో సగం ఉండేది కాదు.

నన్ను పనిలో పెట్టుకున్నది మున్సిపాలిటీ. దాని మీద ఒత్తిడి తెచ్చింది వ్యాపారుల సంఘం. బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం కట్టాలని సంఘం అప్పటికే తీర్మానించుకుంది. దానికి బలం చేకూర్చే రిపోర్టు నేను రాయాలి.

వచ్చిన సమస్య

దుకాణదారులు చెప్పింది ఒకటే: బండి పెట్టుకోవడానికి జాగా దొరక్క గిరాకీ తిరిగి వెళ్లిపోతోంది. వెనక వీధుల వాళ్లు చెప్పింది వేరు: సాయంత్రం పని నుంచి ఇంటికొస్తే సొంత గుమ్మం ముందు ఎవరిదో బండి. డెలివరీ వ్యాన్లు రోడ్డు మధ్యలో ఆగుతున్నాయని ట్రాఫిక్ సిబ్బంది బాధ. నాలుగో మాట అగ్నిమాపక కేంద్రం నుంచి వచ్చింది. మూలల దాకా బళ్లు ఆపుతుండటంతో వెనక వీధుల్లోకి ఫైరింజన్ తిరగడం కష్టమవుతోందట. మీటింగులో మిగతా మూడింటి మీద గంటసేపు గొడవ జరిగింది. ఈ నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

ముందు లెక్క

భవనం సంగతి తేల్చే ముందు బళ్లు లెక్కపెడదామన్నాను. కారణం సులువే. నేల మీద గీతలు గీసి ఇచ్చే స్లాటుతో పోలిస్తే భవనంలో స్లాటుకు ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఒకసారి కట్టాక వెనక్కి తీసుకోలేం. గీత తప్పయితే చెరిపేసి మళ్లీ గీసుకోవచ్చు.

ఎలా లెక్కపెట్టాలన్నది అసలు నిర్ణయం. గంటకోసారి ఎన్ని బళ్లున్నాయో రాసుకుంటే వీధి నిండిందో లేదో తెలుస్తుంది, అంతే. ఉన్నవి అవే బళ్లా, వచ్చిపోయేవా అన్నది తెలియదు. అందుకని ప్రతి బండి నంబరులో చివరి 4 అంకెలు మాత్రం రాయించాం. ఎవరిది ఏ బండో తెలుసుకోవడం మాకు అనవసరం, అదే బండి ఇంకా ఉందో లేదో తెలిస్తే చాలు. మామూలు రోజు ఒకటి, రద్దీ రోజు ఒకటి, సెలవు రోజు ఒకటి తీసుకుని ఉదయం దుకాణాలు తెరవక ముందు నుంచి మూసేదాకా గంటకోసారి ఒకే దారిలో తిరిగాం. బజారు వీధి, వెనక వీధులు, ఖాళీ స్థలం, మూడూ.

కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే విషయం కళ్లకు కట్టింది. ఉదయం పది దాటాక బజారు వీధి నిండిపోతోంది. అదే సమయంలో ఖాళీ స్థలంలో సగం కూడా నిండటం లేదు. బజారు వీధిలో చాలా స్లాట్లలో పొద్దున మొదటి రౌండులో రాసిన నంబరే సాయంత్రం చివరి రౌండులోనూ ఉంది. దుకాణాలు తెరవక ముందే వచ్చి, మూశాక వెళ్లే బళ్లు గిరాకీవి అయ్యే అవకాశం తక్కువ. అవి యజమానులవి, పనివాళ్లవి.

దీన్ని మీటింగులో ఎలా చెప్పాలన్నదాని మీద రెండు రోజులు ఆలోచించాను. నంబర్లు చూపిస్తే ఎవరి బళ్లో క్షణంలో తేలిపోతుంది, ఆ తర్వాత జరిగేది చర్చ కాదు, తగవు. అందుకే నంబర్లు లేకుండా ఒక లెక్క మాత్రం బోర్డు మీద రాశాను. ఉదయం 9 నుంచి రాత్రి 7 దాకా ఒక స్లాటు 10 గంటలు పనిచేస్తుంది. వచ్చినవాళ్లు గంటసేపు ఉండి వెళ్తారనుకుంటే అది పదిమంది గిరాకీ నిలిచే చోటు. ఒకే బండి అక్కడ పొద్దంతా ఉంటే?

వెనక వరసలో కూర్చున్న ఒక వ్యాపారి లేచారు. "మా షాపు ముందు మా బండి పెట్టుకోవడం కూడా తప్పేనంటారా సార్?"

"తప్పని నేననను. మీ బండి అక్కడ ఉన్నంతసేపు మీ షాపుకు ఎంతమంది రాలేకపోతున్నారో ఒక్కసారి లెక్కేసుకోండి, చాలు" అన్నాను.

ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఆయన బండి అక్కడ కనబడలేదని తర్వాత తెలిసింది. అయితే ఆయన ఖాళీ చేసిన చోట్లో పక్క షాపు వాళ్ల బండి వచ్చి నిలిచిందట. ఒక్కరి మంచితనం మీద నడిచే ఏర్పాటు నిలవదని అప్పుడే గ్రహించాల్సింది.

మొదటి ప్రయత్నం: రెండు గంటల హద్దు

బజారు వీధిలో ఏ బండీ రెండు గంటలకు మించి ఉండకూడదని నియమం పెట్టించాం. రెండు గంటలే ఎందుకంటే, రోజంతా ఉండే బళ్లను పక్కనపెడితే మిగతావాటిలో ఎక్కువ భాగం రెండో రౌండుకల్లా వెళ్లిపోతున్నట్టు మా కాగితాలు చెప్పాయి. గంట పెడితే పంటి డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లు ఇబ్బంది పడతారు. నాలుగు గంటలు పెడితే హద్దు పెట్టి లాభం లేదు. కాగితం మీద తర్కం బాగానే ఉంది.

అది రెండు వైపుల నుంచి దెబ్బతింది. దుకాణాల్లో పనిచేసేవాళ్లు రెండు గంటలకోసారి బయటికొచ్చి బండిని ఒక స్లాటులోంచి తీసి ఇంకో స్లాటులో పెట్టసాగారు. నియమం మీరలేదు, స్లాటూ ఖాళీ కాలేదు. పైగా కౌంటరు వదిలి వస్తున్నందుకు యజమానులకు కోపం. ఈ అటూ ఇటూ తిరుగుడు పడలేనివాళ్లు వెనక వీధుల్లోకి వెళ్లిపోయారు. అక్కడ హద్దు లేదు కదా. పది రోజుల్లో వెనక వీధుల్లో ఇళ్ల ముందు రాళ్లు, పూలకుండీలు, విరిగిన కుర్చీలు వెలిశాయి. ఎవరి జాగాను వాళ్లు కాపాడుకోవడం మొదలైంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం రెండో వీధిలో ఒక పెద్దాయనకు ఊపిరాడలేదు. అంబులెన్సు మూల తిరగలేకపోయింది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి వీధి చివరిదాకా మోసుకొచ్చారు. ఆయన కోలుకున్నారు. మరుసటి వారం నేను వాళ్ల ఇంటికి వెళ్తే ఆయన భార్య తలుపు తీసి, "మా వీధిలోకి ఆ బళ్లు రావడం మొదలైంది మీ బోర్డులు పెట్టాకే కదా బాబూ" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. నా దగ్గర జవాబు లేదు.

బళ్లను ఒక చోట నుంచి వెళ్లగొట్టాను గానీ, అవి ఎక్కడికి వెళ్తాయో చూసుకోలేదు. పార్కింగులో ఒక వీధికి పెట్టిన నియమం పక్క వీధి మీద పడి తీరుతుంది. ఈ వృత్తిలో అందరికీ తెలిసిన విషయమే ఇది. నాకూ తెలుసు. అయినా ముందు బజారు సంగతి తేలాక వెనక వీధులు చూద్దామని వాయిదా వేశాను.

రెండో ప్రయత్నం: పర్మిట్లు

కంగారులో చేసిన పని ఇది. వెనక వీధుల్లో నివాసులకు మాత్రమే పార్కింగ్ అని చెప్పి ఇంటికొక పర్మిట్ ఇప్పించాం. అన్ని ఇళ్లనూ సమానంగా చూడాలన్నదే మా ఆలోచన. స్లాట్లెన్నో లెక్కచూడకుండా ఇవ్వడంతో చోటు కంటే పర్మిట్లు ఎక్కువయ్యాయి. చేతిలో పర్మిట్ ఉంది కాబట్టి జాగా తన హక్కు అని ప్రతి ఇల్లూ అనుకుంది. ఇరుగుపొరుగు మధ్య అంతకు ముందు లేని తగాదాలు వచ్చాయి. పగలేమో దీనికి పూర్తి విరుద్ధం. నివాసులు పనులకు వెళ్లిపోయాక వీధి సగం ఖాళీ, కానీ అక్కడ ఇంకెవరూ ఆగడానికి వీల్లేదు. ఒకవైపు జాగా లేదని ఏడుస్తూ ఇంకోవైపు ఉన్న జాగాకు తాళం వేశాం.

రెండు నెలలకే దీన్ని ఆపేయమని నేనే అడిగాను. మున్సిపాలిటీలో కొందరికి అది నచ్చలేదు. ఇంత తొందరగా వెనక్కి తగ్గితే పరువు పోతుందన్నారు. పని చేయని నియమాన్ని అలాగే సాగదీస్తే తర్వాత పెట్టే మంచి నియమాన్ని కూడా ఎవరూ నమ్మరని వాదించాను.

కుదిరింది

ఈసారి చివరి నుంచి మొదలుపెట్టాం. రోజంతా బండి పెట్టాల్సినవాళ్లు ఎక్కడ పెట్టాలి? ఖాళీ స్థలం ఉండగా ఎందుకు పోవడం లేదు? ఈ ప్రశ్నతో దుకాణాల్లో పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్లాం, యజమానులు లేని సమయం చూసుకుని.

బట్టల షాపులో పనిచేసే ఒకావిడ చెప్పిన మాటతో కేసు మలుపు తిరిగింది. "రాత్రి తొమ్మిదింటికి షాపు కట్టేసి ఆ చీకట్లో నేనొక్కదాన్నే నడిచి వెళ్లాలా? మీరొకసారి వెళ్లి చూడండి సార్."

ఆ రాత్రే వెళ్లాను. దారిలో దీపాల్లేవు. ఒక గోడ చుట్టూ తిరిగి వెళ్లాలి. మలుపు అవతల ఎవరున్నారో కనబడదు. మ్యాపులో ఐదు నిమిషాల దూరం, రాత్రి పూట ఆడవాళ్లకు వెళ్లలేని దూరం. మా బృందం అక్కడ లెక్కపెట్టింది కూడా బయటి నుంచి బళ్లను చూసి. ఆ దారిలో రాత్రి నడిచినవాళ్లు మాలో ఒక్కరూ లేరు.

తర్వాత చేసినవాటిలో ఎక్కువ మేలు చేసినది ఈ స్థలం బాగుచేయడమే. దారి పొడవునా దీపాలు పెట్టించాం. గోడలో ఒక చోట తలుపు తెరిపించి నడక సగానికి తగ్గించాం. గుంతలు పూడ్చి, స్లాట్లకు గీతలు గీయించాం. రాత్రి ఆలస్యంగా మూసే షాపుల వాళ్ల కోసం ఇంకో మార్పు చేశాం: బజారు వీధిలో రెండు గంటల హద్దు సాయంత్రం 6 తర్వాత వర్తించదు. అప్పటికి బజారులో బళ్లు పలచబడుతున్నట్టు లెక్కలో చూశాం. కాబట్టి రాత్రి దాకా ఉండేవాళ్లు వెలుగుండగానే వెళ్లి బండి తెచ్చి షాపు దగ్గర పెట్టుకోవచ్చు. గిరాకీకి నష్టం లేదు, వాళ్లకు భయం లేదు.

ఆ స్థలం సిద్ధమయ్యాకే హద్దును గట్టిచేశాం. ఈసారి హద్దు స్లాటుకు కాదు, వీధి మొత్తానికి. రెండు గంటలు అయ్యాక అదే వీధిలో ఇంకో స్లాటులోకి మారితే కుదరదు. మొదటిసారి దొరికితే జరిమానా లేదు. ఆ ఖాళీ స్థలానికి దారి చూపే చిన్న మ్యాపు ఉన్న కాగితం అద్దం మీద పెట్టేవాళ్లు. రెండోసారి నుంచే జరిమానా. జరిమానా కట్టించుకోవడం కోసం కాకుండా దారి చెప్పడానికి వచ్చారన్న భావన కలిగితే జనం చాలావరకు మాట వింటారు.

తర్వాత డబ్బు విషయం. బజారు నడిమధ్య భాగంలో హద్దు పెట్టినా ఎప్పుడూ నిండే ఉంటోంది. అక్కడ మాత్రం కొద్దిపాటి ఫీజు పెడదామన్నాను. మీటింగులో గోల మొదలైంది. అప్పుడు పార్కింగ్ మీటరు, అంటే బండి నిలిపిన సమయానికి డబ్బు తీసుకునే యంత్రం, ఎలా పుట్టిందో చెప్పాను. ప్రపంచంలో మొదటి మీటరు 1935 జులైలో అమెరికాలోని ఓక్లహామా సిటీలో పెట్టారు. దాని వెనక ఉన్న పత్రికా సంపాదకుడు కార్ల్ మగీ, అక్కడి వ్యాపారులు ఎదుర్కొన్న ఇబ్బంది కూడా ఇదే: బజారులో పనిచేసేవాళ్ల కార్లే పొద్దంతా షాపుల ముందు ఉండటం. మీటరు వచ్చింది గిరాకీకి చోటు చేయడానికి. ఆ మాట విన్నాక కొంతమంది ముఖాల్లో బిగువు తగ్గింది.

అయినా ఒప్పించింది అది కాదు, వసూలైన డబ్బు ఎటు పోతుందన్న దానికి ఇచ్చిన మాట. కాలిఫోర్నియాలోని ఓల్డ్ పాసడీనాలో 1993లో మీటర్లు పెట్టినప్పుడు వ్యాపారులు మొదట ఎదురుతిరిగారు. ఆ ఆదాయం ఆ ప్రాంతంలోనే కాలిబాటలకు, చెట్లకు, దీపాలకు, శుభ్రతకు ఖర్చుపెడతామన్నాక ఒప్పుకున్నారు. మేమూ అదే మాట తీర్మానంలో రాయించాం: ఫీజు డబ్బు బజారు, వెనక వీధులు దాటి పోకూడదు. మొదటి ఖర్చు ఖాళీ స్థలం దారి దీపాల నిర్వహణ. ఎంత ఫీజు అన్నదానికి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో (యూసీఎల్‌ఏ) బోధించిన పార్కింగ్ పరిశోధకుడు డొనాల్డ్ షూప్ చెప్పిన కొలత తీసుకున్నాం: వీధి సుమారు 85 శాతం నిండి ఉండాలి. అంటే ఏడెనిమిది స్లాట్లకు ఒకటి ఖాళీగా కనబడాలి. వచ్చినవాళ్లకు చుట్టూ తిరగకుండా చోటు దొరకాలి, వీధి వెలవెలపోనూ కూడదు. ఎక్కువ ఖాళీలు కనబడితే ఫీజు తగ్గించాలి, ఒక్కటీ కనబడకపోతే పెంచాలి. శాన్‌ఫ్రాన్సిస్కో 2011లో రోడ్డులో సెన్సర్లు పెట్టి ఇలాంటి పద్ధతే నడిపింది. చిన్న పట్టణానికి అవేమీ అక్కర్లేదు, మూడు నెలలకోసారి నోట్‌బుక్కు పట్టుకుని తిరిగితే సరిపోతుంది.

వెనక వీధుల్లో పర్మిట్లు మళ్లీ వచ్చాయి, వేరే రూపంలో. సాయంత్రం నుంచి ఉదయం దాకా నివాసులకే. పగలు ఎవరైనా రెండు గంటలు ఆగవచ్చు. పర్మిట్ల సంఖ్య రాత్రి పూట లెక్కపెట్టిన స్లాట్లను మించకూడదు. సరిపోనివాళ్ల కోసం పక్కనే ఉన్న ఒక ఆఫీసు ఆవరణను రాత్రిళ్లు వాడుకునేలా ఒప్పందం చేసుకున్నాం. ఈ ఒప్పందానికి అనుకున్నదాని కంటే ఎక్కువ సమయం పట్టింది. గేటు తాళం ఎవరిది, ఉదయం తీయని బండిని ఏం చేయాలి, లోపల బండికి ఏదైనా అయితే ఎవరిది బాధ్యత, ఊడ్చేదెవరు? ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబులు వచ్చేదాకా ఆఫీసు వాళ్లు సంతకం పెట్టలేదు. వాళ్లు చేసింది సరైన పనే.

మూలల్లో స్లాట్లు తీసేసి, అక్కడ ఏ బండీ ఆగకుండా స్తంభాలు పాతించాం. దీని మీద నేను ఓటింగు అడగలేదు. ఫైరింజన్, అంబులెన్సు తిరిగే చోటు చర్చకు పెట్టాల్సింది కాదు. కొన్ని స్లాట్లు పోయాయని దుకాణదారులు గొణిగారు. రెండో వీధి పెద్దాయన ఇంటివాళ్ల అబ్బాయి స్తంభాలు పాతే రోజు వచ్చి చివరిదాకా నిలబడి చూశాడు.

డెలివరీ వ్యాన్లకు ఉదయం 10 లోపు బజారులో నిర్ణీత చోటు, బరువైన సామాను అమ్మే షాపుల దగ్గర పది నిమిషాల స్లాటు, దివ్యాంగులకు గుమ్మాల దగ్గరలో స్లాట్లు పెట్టాం. వీటికి పెద్ద వాదన రాలేదు.

నేర్చుకున్నది

రెండోసారి లెక్కపెట్టినప్పుడు బజారు వీధిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలని నంబర్లు బాగా తగ్గాయి. ఖాళీ స్థలం పగలు నిండుతోంది. బహుళ అంతస్తుల భవనం ప్రతిపాదన పక్కకు వెళ్లింది, ఎవరూ తిరస్కరించకుండానే.

ఇలాంటి పని ఇంకోచోట మొదలుపెడితే నేను చేసే మొదటి పని రాత్రి పూట ఖాళీ స్థలం దాకా నడవడం, అదీ అక్కడ పనిచేసే ఆడవాళ్లను వెంటబెట్టుకుని. నియమం కంటే ముందు ప్రత్యామ్నాయం సిద్ధం చేస్తాను. ఒక్క వారం తేడా అయినా సరే, ఆ క్రమం తప్పితే బళ్లు ఎక్కడికో ఒకచోటికి వెళ్తాయి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి వీలైనంతవరకు ఒక్కొక్కటిగా చేస్తాను. వెనక వీధుల వాళ్లను మొదటి మీటింగుకే పిలుస్తాను. మేం వాళ్లను పిలిచింది నాలుగో మీటింగుకు, అప్పటికి వాళ్ల వీధిలో కుర్చీలు, కుండీలు వెలిసి ఉన్నాయి.

తేలనివి కూడా ఉన్నాయి. పండగ రోజుల్లో ఈ ఏర్పాటు సరిపోదు. ఆ రోజులకు విడిగా ప్లాను ఉండాలి, అది ఇంకా రాయలేదు. రెండు బళ్లున్న ఇళ్లకు ఒక పర్మిటే దొరుకుతోంది. రెండో బండిని ఆఫీసు ఆవరణలో పెట్టుకోమంటే, చిన్నపిల్లలున్న ఇద్దరు ముగ్గురు అది దూరమంటున్నారు. వాళ్ల మాటలో నిజముంది. ఆఫీసు ఒప్పందం ఏడాదికే రాసుకున్నాం. దాన్ని పొడిగించేటప్పుడు ఆ ఇళ్లవాళ్లను కూడా కూర్చోబెట్టాలని మున్సిపాలిటీకి లేఖ రాశాను.